యోని పెదవుల సర్జరీ: చేయించుకున్నాక రాస్తున్న నాలుగు మాటలు

లేబియాప్లాస్టీ, అంటే యోని పెదవులను తగ్గించే సర్జరీ గురించి తెలుగులో వెతికితే ఎక్కువగా రెండే తగులుతాయి. ఒకటి, "సిగ్గుపడకండి, ఈరోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి" అనే క్లినిక్ ప్రకటన. రెండోది, సందేహాలు-సమాధానాల శీర్షికలో ముక్తసరి జవాబు. చేయించుకున్నావిడ ఎవరైనా రాస్తే బాగుండునని అప్పట్లో అనుకున్నా. ఇప్పుడు నేనే రాస్తున్నా. పేరు చెప్పను. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, నలభైకి దగ్గరపడ్డ వయసు. ఇంతవరకు తెలిస్తే చాలు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తా. నొప్పో, ఒరిపిడో నిజంగా ఇబ్బంది పెడుతుంటే ఇది మంచి ఆపరేషనే. చూడ్డానికి బాగాలేదన్న బెంగ ఒక్కటే అయితే ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకోండి. బ్యాంకు మనిషిని కదా, అలాగే చెబుతా.

బయటికి కనిపించే లావుపాటి మడతలు బయటి పెదవులు. వాటి లోపల వెంట్రుకలు లేకుండా పల్చగా ఉండేవి లోపలి పెదవులు. డాక్టర్లు లేబియా మైనోరా అంటారు. ఆపరేషన్ ఎక్కువగా వీటికే చేస్తారు. పైన క్లిటోరిస్ అనే సున్నితమైన చిన్న బుడిపెని కప్పే మడతతో ఇవి కలిసిపోయి ఉంటాయి. మూత్రద్వారాన్నీ యోని ద్వారాన్నీ కప్పి ఉంచడం, లోపలి తడి ఆరిపోకుండా చూడడం, మూత్రం ధార అటూ ఇటూ చిమ్మకుండా చూడడం వీటి పని. అంచుల దాకా నరాలు ఉంటాయి. అంటే అక్కడున్నది అనవసరపు చర్మం కాదు. దీన్ని గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

నాకు ఎడమ వైపు పెదవి కుడిదానికంటే బాగా పొడుగు. పెళ్లికి ముందు నుంచీ అంతే. రెండో కాన్పు తర్వాత ఇంకొంచెం సాగినట్టు అనిపించింది. మామూలు రోజుల్లో దాని ఊసే ఉండేది కాదు. ఎండాకాలం స్కూటీ మీద ఎక్కువసేపు తిరిగితేనో, నెలసరిలో ప్యాడ్ అంచు తగిలితేనో కొంచెం మంట. అసలు తంటా సైకిల్ మొదలుపెట్టాక వచ్చింది. తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు కరకట్ట మీద తొక్కడం మాకొక బ్యాచ్‌కి అలవాటు. గంట దాటిందంటే సీటుకీ ఎముకకీ మధ్య ఆ మడత నలిగేది. ఇంటికొచ్చి నీళ్లు పోసుకుంటే ప్రాణం జివ్వుమనేది. చూసుకుంటే అంచు చిట్లి సన్నటి నెత్తుటి గీత. మర్నాడు మూత్రానికి వెళ్లాలంటే భయం. మానిపోయేలోపు మళ్లీ ఆదివారం వచ్చేది.

మా వదిన ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఏళ్ల తరబడి లేబర్ రూమ్‌లో చేస్తోంది. ముందు ఆవిడకే చెప్పా. "వదినా, నాకు అక్కడ అందరిలా లేదు" అన్నా. "అందరూ అంటే ఎవరమ్మా? నేను రోజూ చూస్తా కదా, ఒకరికున్నట్టు ఇంకొకరికి ఉండదు. నొప్పి సంగతి చెప్పు ముందు" అంది. ఆ రెండు ముక్కల్లోనే ఉంది మొత్తం. తేడాగా ఉండడం జబ్బు కాదు. నొప్పి ఉంటే దాని సంగతి చూడాలి.

వదిన మాట నమ్మబుద్ధి కాకపోతే కొలతలున్నాయి. 2005లో లండన్ డాక్టర్లు 50 మంది ఆడవాళ్లను కొలిచి ప్రచురించారు. లోపలి పెదవుల పొడవు 2 సెంటీమీటర్ల నుంచి 10 సెంటీమీటర్ల దాకా, వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 5 సెంటీమీటర్ల దాకా ఉంది. 2018లో స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ ఆసుపత్రి వాళ్లు 15 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 657 మందిని చూశారు. అక్కడా అంతే, ఇంత ఉంటేనే మామూలు అని గీత గీసే వీల్లేదు. రెండు వైపులూ సమానంగా లేకపోవడం, లోపలివి బయటివాటిని దాటి కనిపించడం, అంచు ముడతలు పడి ఉండడం, అన్నీ మామూలే. ఈడొచ్చేటప్పుడు హార్మోన్ల వల్ల పెరుగుతాయి, నల్లబడతాయి. కాన్పుల తర్వాత మారతాయి. ముట్లుడిగాక పల్చబడి కుంచించుకుపోతాయి.

సంసారం ఎక్కువైతేనో, చేత్తో ముట్టుకుంటేనో సాగుతాయని మన దగ్గర ఒక ప్రచారం ఉంది. శుద్ధ అబద్ధం. ఆ మాటతో కొత్త పెళ్లికూతుళ్ల మీద అనుమానపడ్డ మొగుళ్ల గురించి మా వదిన చెబుతుంటే కడుపు రగిలిపోతుంది. నలుపు సంగతి కూడా అంతే. ఒంటి రంగు ఎలా ఉన్నా అక్కడ ముదురుగానే ఉంటుంది. 2012లో మన టీవీల్లో అక్కడి చర్మాన్ని తెల్లగా చేస్తామంటూ ఒక వాష్ ప్రకటన వచ్చి నానా రభస అయింది, గుర్తుండే ఉంటుంది. ప్రకటన పోయింది కానీ ఆ వ్యాపారం పోలేదు.

అసలు మనం ఇంకొకరివి ఎక్కడ చూశాం? చూసినవాళ్లు చూసింది ఫోన్లో, అదీ ఏరి కోరి, ఫొటోలు సవరించి పెట్టినవి. ఆస్ట్రేలియాలో ఉమెన్స్ హెల్త్ విక్టోరియా అనే సంస్థ ఇందుకే 2013లో లేబియా లైబ్రరీ అని ఒక సైట్ పెట్టింది. సవరించని ఫొటోలు, పక్కన తేలికైన వివరణ. అది చూశాక నా బెంగ సగం దిగిపోయింది. చిట్లిపోవడం మాత్రం అలాగే ఉంది.

కాబట్టి సర్జరీకి ముందు చేయాల్సినవి చేశా. నడుమ గాడి ఉన్న సైకిల్ సీటు వేయించా. ప్యాడ్ కుట్టిన సైకిల్ షార్ట్స్ కొన్నా. అవి లోపల ఇంకేమీ లేకుండా వేసుకోవాలట, నాకు అప్పటిదాకా తెలీదు. లోపల ఇంకో గుడ్డ ఉంటే దాని కుట్లే ఒరుసుకుంటాయి. బయల్దేరేముందు ఆ అంచుకి పెట్రోలియం జెల్లీ రాసుకోవడం, రాగానే తడి షార్ట్స్ విప్పేయడం, కాటన్ లోదుస్తులు, సబ్బు బదులు మామూలు నీళ్లు, రేజర్ మానేయడం. ఇక్కడ ఒక మాట. స్నానం నీళ్లలో యాంటీసెప్టిక్ లోషన్ కలిపి కడుక్కునే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. ఆ చర్మం దానికి తట్టుకోదు. మంట తగ్గాలని పోసుకుంటే మంట పెరుగుతుంది. ఇవన్నీ చేస్తే చాలామందికి అక్కడితో అయిపోతుంది. నాకూ చిన్న చిన్న దూరాలకు సరిపోయింది, గంట దాటితే మళ్లీ అదే గొడవ. ప్యాడ్ రోజుల్లోనూ అదే.

ఇంకొకటి తేల్చుకోవాలి. అది మామూలు పెదవేనా, లేక జబ్బా? దురద, తెల్ల పెరుగు లాంటి డిశ్చార్జ్ ఉంటే ఫంగల్ ఇన్‌ఫెక్షన్ కావొచ్చు, దానికి మందులు చాలు. తెల్లటి మచ్చలు పడి చర్మం పల్చబడి విపరీతమైన దురద ఉంటే లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావొచ్చు. దానికి క్రీములు వాడాలి, గుర్తించకుండా కోస్తే పుండు మరీ ఇబ్బంది పెడుతుంది. ఒక పక్క ఉన్నట్టుండి గడ్డలా లేస్తే యోని ద్వారం పక్కనుండే బార్తోలిన్ గ్రంథి వాపు అయ్యుండొచ్చు. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు తెలియనివాళ్లు లేరు. ఆ ఫైలేరియా వల్లే అరుదుగా కొందరికి అక్కడ కూడా వాపొచ్చి పెదవులు బరువెక్కి వేలాడతాయి. అది అందం ఆపరేషన్ కాదు, పూర్తిగా వైద్యం. ఎప్పుడూ లేనిది ఈమధ్యే పెరుగుతోందంటే మాత్రం క్లినిక్ ప్రకటనలు పక్కన పెట్టి గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.

ఇక డాక్టర్ల దగ్గరికి తిరగడం. మొదట వెళ్లింది ఒక కాస్మెటిక్ క్లినిక్‌కి. ఏసీ, గంధం వాసన, గ్రీన్ టీ. డాక్టర్‌కంటే ముందు ఒక కౌన్సెలర్ అమ్మాయి ట్యాబ్‌లో "ముందు-తర్వాత" ఫొటోలు చూపించింది. తర్వాతవన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. నా నొప్పి సంగతి చెబుతుంటే తలూపి, పెదవుల ఆపరేషన్‌తో పాటు లేజర్ టైటెనింగ్, వైటెనింగ్ కలిపి ప్యాకేజీ అంది. ఈరోజే అడ్వాన్స్ కడితే డిస్కౌంటట. "మేడమ్, మీ సర్‌కి కూడా సర్‌ప్రైజ్ ఇవ్వొచ్చు" అంది. నన్ను ఎవరూ పరీక్ష చెయ్యనే లేదు, రేటు మాత్రం వచ్చేసింది. టీ తాగేసి వచ్చేశా. ఆ లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ పరికరాల సంగతి కూడా చెప్పాలి. 2018 జులైలో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. యోని బిగుతు చేస్తామంటూ వాటిని అమ్మడానికి తగిన రుజువులు లేవు, కాలిన గాయాలు, మచ్చలు, వదలని నొప్పి రావొచ్చు అని. పెదవుల సర్జరీలో లేజర్ అంటే కత్తి బదులు వాడే కోత పరికరం మాత్రమే. లేజర్ అన్నంత మాత్రాన గాయం లేకుండా పోదు.

రెండోసారి వదిన చెప్పిన గైనకాలజిస్ట్ దగ్గరికి. ఆవిడ మా ఆయన్ని బయట కూర్చోమన్నారు. తలుపు మూశాక మొదటి ప్రశ్న: "ఎవరైనా ఏమైనా అన్నారామ్మా? మీ ఆయన గానీ, అత్తగారు గానీ?" లేదన్నా. తర్వాత పడుకోబెట్టి చూశారు, నిలబెట్టి చూశారు, చేతికి అద్దం ఇచ్చి "ఎక్కడ చిట్లుతోందో మీరే చూపించండి" అన్నారు. నేను చూపించిన చోటు మీద చర్మం గట్టిపడి, రంగు మారి ఉంది. మళ్లీ మళ్లీ పుండై మానిన గుర్తు. చిన్నప్పటి నుంచి ఇన్నేళ్లలో ఎవరూ నాకు ఆ భాగాన్ని అద్దంలో చూపించి పేర్లు చెప్పలేదు. ఆవిడ చెప్పారు. అప్పుడు ప్లాస్టిక్ సర్జన్‌ని పిలిపించి ఇద్దరూ కలిసి మాట్లాడారు. అద్దంలో ఎంతసేపు చూసుకున్నా బెంగ తీరనివాళ్లకి, ముక్కు తర్వాత ఇది, ఇది తర్వాత ఇంకోటి అనేవాళ్లకి కత్తి పెట్టబోమని కూడా చెప్పారు. వాళ్లని ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారట. మంచి పద్ధతి.

పద్ధతుల గురించి మీరు అడగాల్సిందే. అడక్కపోతే చాలామంది చెప్పరు. మొదటిది అంచు కత్తిరించడం. పొడుగున్నంత మేర అంచు వెంట కోసి కుట్టేస్తారు. నల్లటి అంచు పోయి గులాబీ రంగు అంచు వస్తుంది. తేలిక పద్ధతి, అందుకే ఎక్కువ మంది చేస్తారు. కానీ కుట్ల గీత అంచు పొడుగునా ఉంటుంది, ఒక్కోసారి అంచు పళ్లు పళ్లుగా తయారవుతుంది, చెయ్యి జారితే ఎక్కువ కోతపడేదీ ఇందులోనే. రెండోది మధ్యలోంచి వి ఆకారంలో ముక్క తీసి పైభాగాన్నీ కిందిభాగాన్నీ కలపడం. వెడ్జ్ అంటారు, 1998 నుంచి వాడుకలో ఉంది. సహజమైన అంచు అలాగే మిగులుతుంది. అయితే కలిపిన చోట లాగుడు ఉంటుంది కాబట్టి కుట్టు విడిపోయే ప్రమాదం దీంట్లో ఉంది. మూడోది, మధ్యలో పైచర్మం పొర మాత్రం రెండు వైపులా ఒలిచి మడిచి కుట్టడం. అంచూ నరాలూ బాగా మిగులుతాయి, కాకపోతే పెదవి కొంచెం మందంగా అవుతుంది.

నాకు వెడ్జ్, అదీ ఎడమ వైపు మాత్రమే. "రెండూ సమానం చేసేస్తే పోలా?" అని నేనే అన్నా. "కుడిది మిమ్మల్ని ఏమీ అనట్లేదు కదా, దాన్నెందుకు ముట్టుకోవడం?" అన్నారు సర్జన్. ఎంత తీస్తారని కాకుండా ఎంత మిగులుస్తారని అడగండి. కనీసం ఒక సెంటీమీటర్ అయినా ఉండాలని జాగ్రత్తపరులైన సర్జన్లు చెబుతారు. పొట్టిగా కత్తిరించేసిన జాకెట్టు చేతులు మళ్లీ పొడుగవవు. మొత్తం తీయించేసుకుని తర్వాత పొడిబారిపోయి, బట్ట తగిలినా మంటగా ఉండి, తిరిగి సరిచేయించుకోవాలని వచ్చేవాళ్లున్నారు. అది మొదటిదానికంటే చాలా కష్టమైన పని. పెదవి తగ్గించి పైనున్న మడతని పట్టించుకోకపోతే అక్కడ ఉబ్బుగా మిగిలిపోవడం ఇంకో సమస్య. దాని గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి.

ఎవరు చేయాలి? ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ డిగ్రీ ఉన్నవాళ్లు, లేదా ఈ ఆపరేషన్‌లో అనుభవం ఉన్న గైనకాలజిస్టులు. బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అని ఉన్నంత మాత్రాన సర్జన్ అయిపోరు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి చూసుకోవచ్చు, తప్పేమీ లేదు. మత్తు డాక్టర్ ఉంటారా, రాత్రి రక్తం కారితే ఎవరికి ఫోన్ చేయాలి, ఈ రెండూ అడగండి. రెండో ప్రశ్నకి రిసెప్షన్ నంబర్ ఇస్తే ఇంకో చోటు చూసుకోండి.

డబ్బు సంగతి. ఇన్సూరెన్స్ వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో ఎక్స్‌క్లూజన్ 08 అని ఉంటుంది, మీ పాలసీ కాగితంలో చూడండి. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ ఇవ్వరు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేయడానికైతే ఇస్తారు. లేదా ఆరోగ్యానికి వెంటనే ముప్పు ఉందని, వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టర్ రాసివ్వాలి. మా డాక్టర్ మళ్లీ మళ్లీ పుండ్లు పడుతున్నాయని రాసిచ్చినా మా ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు ఒప్పుకోలేదు. రోజూ లోన్ కాగితాలు తిప్పి పంపే నాకే ఆ తిరస్కరణ లేఖ భాష చూస్తే నవ్వొచ్చింది. ఇంకో విషయం, మామూలు వైద్యానికి జీఎస్టీ లేదు కానీ అందం కోసం చేసే సర్జరీకి ఉంది. కొటేషన్‌లో అది కలిపారో లేదో అడగండి. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ, మందులు, తర్వాతి విజిట్లు, కుట్టు విడిపోతే మళ్లీ వేయడానికి ఎంత, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి.

నెలసరి అయిపోగానే డేట్ పెట్టుకోవడం మంచిది, కుట్లు కొంచెం మానాక గానీ మళ్లీ రాదు. రక్త పరీక్షలు, షుగర్, ప్రెగ్నెన్సీ టెస్ట్ చేశారు. ఆస్పిరిన్ గానీ, రక్తం పల్చబడే మందులు గానీ వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. సిగరెట్ అలవాటుంటే కొన్ని వారాల ముందే మానాలి, లేకపోతే గాయం సరిగా మానదు. ఇంట్లో షేవ్ చేసుకుని రావద్దన్నారు, అక్కడే కత్తిరించారు. మత్తు సూది వేస్తే కణజాలం ఉబ్బి లెక్క తప్పుతుందని, సూదికి ముందే పెన్నుతో గీతలు గీశారు. కొందరికి నడుముకి మత్తిస్తారు, నాకు నిద్రమత్తు ఇచ్చి అక్కడ మాత్రం మొద్దుబారేలా సూది వేశారు. గంట పైచిలుకు పట్టింది. సాయంత్రానికి ఇంటికి. కారులో రండి, ఆటోలో మాత్రం వద్దు. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో ఆరోజు తెలుస్తుంది.

రెండో రోజు అద్దంలో చూసుకుని ఏడుపొచ్చినంత పనైంది. ముందున్నదానికి మూడింతలు వాచి, నల్లగా కమిలిపోయి ఉంది. ఇది అందరికీ ఉండేదే, కానీ ముందే చెప్పి ఉంచితే గుండె జారదు. అందుకే చెబుతున్నా. ఐస్ ప్యాక్ నేరుగా పెట్టకూడదు, చేతిరుమాల్లో చుట్టి పావుగంట పెట్టి తీసేయాలి. పక్కకి తిరిగి పడుకోవడం, తుంటి కింద దిండు. నొప్పికి డాక్టర్ రాసినవే, ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ లాంటివి వద్దు. నొప్పి నేను భయపడ్డంత లేదు. మూత్రం మంటే ఎక్కువ. దానికి వదిన చెప్పిన చిట్కా అద్భుతంగా పనిచేసింది. వెళ్లేటప్పుడే చెంబుతో గోరువెచ్చని నీళ్లు ముందు నుంచి పోసుకుంటూ ఉండాలి, మూత్రం పల్చబడి మంట తెలీదు. తర్వాత మెత్తటి పాత కాటన్ గుడ్డతో అద్దాలి, తుడవకూడదు.

బయటి దేశాల వాళ్లు రాసిన సూచనల్లో ఉండనివి మనకి కొన్ని ఉన్నాయి. ఇండియన్ టాయిలెట్‌లో గొంతుక్కూర్చుంటే కుట్ల మీద లాగుడు పడుతుంది. కొన్ని వారాలు వెస్టర్న్ టాయిలెట్ వాడండి, ఇంట్లో లేకపోతే మెడికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది. బాసిపట్టు వేసుకుని కింద కూర్చోవడం, గ్యాస్ బండ జరపడం, కత్తిపీట ముందేసుకుని కూర్చోవడం, పూజ దగ్గర లేచి కూర్చుని లేవడం, అన్నీ ఆపాలి. ముక్కితే ప్రమాదం కాబట్టి మలబద్ధకం రానివ్వకూడదు. ఇసబ్గోల్, నీళ్లు, బొప్పాయి. మా అమ్మకి చిన్న గడ్డ తీశారని చెప్పాం. ఆవిడ వచ్చి పత్యం మొదలుపెట్టింది. పప్పు తింటే చీము పడుతుందని వెల్లుల్లి కారం, చారన్నం. డాక్టర్‌ని అడిగితే గాయం మానడానికి ప్రొటీన్ కావాలి, పప్పూ గుడ్డూ బాగా తినండి అన్నారు. అమ్మ ముందు చారన్నం తిని, ఆవిడ సీరియల్ చూసేటప్పుడు మా ఆయన తెచ్చిన ఉడికించిన గుడ్లు తినేదాన్ని.

కుట్లు వాటంతటవే కరిగేవి వేస్తారు. రెండు మూడు వారాల్లో దారం ముక్కలు ఊడిపడుతుంటాయి, దురద పెడుతుంది. గోకితే అంతే సంగతులు. నాకు వెడ్జ్ కలిపిన చోట అంచు దగ్గర బియ్యపు గింజంత విడిపోయింది. పరిగెత్తుకెళ్తే సర్జన్ చూసి, ఇంత చిన్నదైతే అదే పూడుతుంది, వాచి ఉన్నప్పుడు మళ్లీ కుడితే అదీ తెగుతుంది అన్నారు. పూడింది. పెద్దగా విడిపోతే కొన్ని నెలలు ఆగి మళ్లీ చేస్తారు. గంటగంటకీ ఒక పక్క వాపు పెరుగుతూ నొప్పి భరించలేకపోవడం, ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, జ్వరం, చెడు వాసన, మూత్రం రాకపోవడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే వెంటనే తీయాలి.

కుర్చీ ఉద్యోగాలకు వారం పది రోజుల్లో వెళ్లొచ్చు, మెత్తటి దిండు పెట్టుకుని. సంసారం, సైకిల్, ఈత, మెన్‌స్ట్రువల్ కప్ ఇవన్నీ ఆరు వారాల దాకా బంద్. నాకు సైకిల్‌కి ఇంకా ఎక్కువే ఆగమన్నారు. వాపు పూర్తిగా దిగి అసలు ఆకారం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు. మొదట్లో ఆ అంచు కొంత మొద్దుగా, ఒక చోట మాత్రం గాలి తగిలినా జిల్లుమనేట్టు ఉండేది. నెమ్మదిగా సర్దుకుంది. కొందరికి స్పర్శ తగ్గిపోవడం, మచ్చ దగ్గర నొప్పి ఉండిపోవడం జరుగుతుంది. సంతకం పెట్టే కాగితంలో ఆ వాక్యం ఉంటుంది, గబగబా తిప్పేయకుండా చదవండి. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2020లో ఇంకో మాట చెప్పింది, ఈ ఆపరేషన్లు సెక్స్ సుఖం పెంచుతాయనడానికి నాణ్యమైన రుజువులు లేవు, ఆ సంగతి పేషెంట్‌కి చెప్పి తీరాలి అని.

మా ఆయన గురించి అడుగుతారని తెలుసు. ఆయనకి ముందూ తర్వాతా తేడా తెలీలేదు. తెలిసిందల్లా ఆదివారాలు నేను విసుక్కోవడం మానేశానని. పిల్లలు కావాలనుకునేవాళ్లకి కాన్పు మామూలుగానే అవుతుంది, ఈ ఆపరేషన్ దానికి అడ్డు కాదు. అయితే కాన్పుతో ఆ భాగం మళ్లీ మారొచ్చు కాబట్టి తొందర లేకపోతే పిల్లల తర్వాత చేయించుకోవడమే లెక్కకి నయం.

పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో మాత్రం నాది గట్టి మాట, వద్దు. అప్పటికి ఎదుగుదల పూర్తికాదు. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2013లోనే పద్దెనిమిది లోపు మామూలుగా చేయకూడదని చెప్పింది. మా బ్రాంచిలో ఒకావిడ ఇంటర్ చదివే కూతురు ఆపరేషన్ అంటూ ఏడుస్తోందని నా దగ్గరికి వచ్చింది. పిల్లతో లేడీ డాక్టర్ మాట్లాడాక తేలిందేంటంటే, బిగుతు జీన్సూ చెమటా కలిసి ఫంగల్ ఇన్‌ఫెక్షన్. క్రీము రాశారు, పక్కనే కూర్చోబెట్టి ఎదుగుదల గురించి బొమ్మ గీసి చెప్పారు.

చివరిగా, డాక్టర్ ముందు నోరు పెగలదని చాలామంది అంటారు కాబట్టి నేను చీటీ మీద రాసుకుని వెళ్లిన మాటలు ఇస్తున్నా, మీకు తగ్గట్టు మార్చుకోండి. "మేడమ్, కింద లోపలి పెదవి ఒకటి పొడుగ్గా ఉండి ఒరుసుకుపోతోంది. ఫలానా పని చేస్తే ఎక్కువవుతోంది. పుండు పడుతోంది, మానుతోంది, మళ్లీ పడుతోంది. ఇప్పటిదాకా ఇవి ఇవి వాడాను. ఇది జబ్బా కాదా, మందులతో పోతుందా, పోకపోతే ఏం చేస్తారు?" నోటితో చెప్పలేకపోతే ఆ చీటీ బల్ల మీద పెట్టండి. మా డాక్టర్ దగ్గరికి అలా చీటీలతో వచ్చేవాళ్లే ఎక్కువట.